జుట్టు మాత్ర వేసుకున్నాక మగవాళ్లకు ఇబ్బంది మొదలైతే: కొనసాగించాలా, సగం చేయాలా, లోషన్‌కు మారాలా, ఆపేయాలా?

ఫినాస్టరైడ్ మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు, పొద్దున నిద్ర లేచేటప్పుడు అంగంలో ఉండే గట్టిదనం తగ్గిందని ఒకరు గమనించారనుకుందాం. అలాగే వేసుకుంటూ కొన్నాళ్లు చూడొచ్చు. మాత్రను విరిచి సగం వేసుకోవచ్చు. తలకు రాసుకునే లోషన్‌కు మారొచ్చు. పూర్తిగా ఆపేసి ఇంకో దారి చూసుకోవచ్చు. కర్నూలులో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి కాబట్టి వీటిలో ఎక్కువమంది ఏది ఎంచుకుంటారో నాకు తెలుసు. ఎవరికీ చెప్పకుండా మాత్రను సగం చేస్తారు. నా లెక్కలో ఈ నాలుగింట్లో అన్నిటికన్నా పనికిరానిది అదే.

ఈ విషయం అడగడానికి వచ్చేవాళ్లు షాపు మూసే వేళకు, మిగతా గిరాకీ అంతా పోయాక వస్తారు. ఫోన్‌లో స్ట్రిప్పు ఫొటో చూపించి "అన్నా, దీంతో ఇబ్బందేమన్నా ఉంటాదా?" అంటారు. "ఏం ఇబ్బంది?" అని అడిగితే "అదే అన్నా... ఇంట్లో" అని ఆగిపోతారు. చాలామంది దగ్గర డాక్టరు చీటీ ఉండదు. ఫ్రెండు వాడుతున్నాడనో, వీడియోలో చూశాననో మొదలుపెట్టి ఉంటారు. అసలు ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు. ఆ మాట చెప్తే పక్క షాపుకు వెళ్తారు, అది వేరే సంగతి.

మందు చేసే పని ఏమిటి

మగవాళ్ల ఒంట్లో మగ హార్మోన్ అయిన టెస్టోస్టెరాన్‌లో కొంత భాగం ఒక ఎంజైమ్ వల్ల డీహెచ్‌టీ అనే ఇంకా ఘాటైన హార్మోన్‌గా మారుతుంది. బట్టతల వచ్చే తత్వం ఉన్నవాళ్లలో నడినెత్తి మీద, నుదుటి మూలల్లో వెంట్రుకల కుదుళ్లను సన్నబరిచేది ఈ డీహెచ్‌టీయే. ఫినాస్టరైడ్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం పడిపోతుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపం ఉన్న కుటుంబాలను పరిశీలించి 1974లో శాస్త్రవేత్తలు రాసినదాంట్లోంచి ఈ మందు ఆలోచన పుట్టింది. ఆ మగవాళ్లకు ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చిన్నగా ఉండేది, బట్టతల వచ్చేది కాదు. అమెరికాలో ముందు 1992లో 5 మిల్లీగ్రాముల మాత్ర ప్రోస్టేట్ వాపుకు వచ్చింది. జుట్టు కోసం 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో అనుమతి దొరికింది. అంటే నాన్న ఒంటేలు సరిగా రాక వేసుకునే మాత్ర, కొడుకు జుట్టు కోసం వేసుకునే మాత్ర ఒకటే మందు అయ్యే అవకాశం ఉంది, మోతాదే తేడా.

జుట్టు విషయంలో మందు బాగా పనిచేస్తుందని ఒప్పుకోవాలి. రెండేళ్ల పరీక్షల్లో మాత్ర వేసుకున్నవాళ్లలో 83 శాతం మందికి వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలిచింది. పోల్చడానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో అది 28 శాతమే. నడినెత్తి మీద ఫలితం బాగా కనిపిస్తుంది, నుదుటి మూలల్లో అంతగా కాదు. ఇంత పనిచేసే మందు కాబట్టే వదులుకోవడానికి మనసు రాదు. ఎంపిక కష్టమయ్యేది కూడా అందుకే.

ఇక ఇబ్బందుల లెక్క. జుట్టు మోతాదు మీద జరిగిన తొలి పెద్ద పరీక్షల్లో కోరిక తగ్గిందన్నవాళ్లు 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 1.3 శాతం. అంగస్తంభన ఇబ్బంది 1.3 శాతం, అటువైపు 0.7. స్ఖలనంలో తేడా, అంటే ఎక్కువగా వీర్యం పరిమాణం తగ్గడం, 1.2 శాతం, అటువైపు 0.7. వందలో తొంభై ఆరుమందికి పైగా ఏ ఇబ్బందీ చెప్పలేదన్నమాట. ఈ అంకెలు చూసి "ఏం కాదు పో" అనేవాళ్లున్నారు. కానీ ఆ తర్వాత ఏళ్లలో మందు ఆపినా ఇబ్బంది పోలేదని చెప్పినవాళ్లు పెరిగారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో ఆపిన తర్వాత కూడా కొనసాగే అంగస్తంభన లోపాన్ని, 2012లో కోరిక, స్ఖలనం, భావప్రాప్తి ఇబ్బందులను లేబుల్‌లో చేర్చింది. ఎంతమందిలో అలా మిగిలిపోతుందో చెప్పే గట్టి లెక్క లేదు. అరుదే, కానీ లేనిది కాదు.

మందు వల్లేనా, ఇంకోటా

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఇది. 2007లో ఇటలీలో ప్రోస్టేట్ రోగుల మీద ఒక ప్రయోగం చేశారు. అందరికీ ఇచ్చింది ఫినాస్టరైడే. కొందరికి మాత్రం లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పారు, మిగతావాళ్లకు చెప్పలేదు. చెప్పినవాళ్లలో 43.6 శాతం మంది ఇబ్బంది ఉందన్నారు. చెప్పనివాళ్లలో 15.3 శాతం. భయం తన వంతు పని చేస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. రాత్రంతా ఫోన్‌లో ఈ మాత్ర గురించి భయపెట్టే కథలు చదివి, పక్కన పడుకున్న భార్యతో టెన్షన్ పడేవాడికి అంగం సహకరించకపోతే ఆశ్చర్యం లేదు.

మరి తేడా ఎలా తెలుస్తుంది? టెన్షన్ వల్ల వచ్చే ఇబ్బందిలో తెల్లవారుజామున వచ్చే గట్టిదనం సాధారణంగా ఉంటుంది. భార్య దగ్గరికి వెళ్లినప్పుడే సమస్య వస్తుంది. తెల్లవారి గట్టిదనమే వారాల తరబడి కనబడకపోతే ఒంటి వైపు చూడాలి. వీర్యం బాగా తగ్గి నీళ్లలా కావడం మనసు వల్ల వచ్చే మార్పు కాదు. వీర్యంలో ఎక్కువ భాగం ప్రోస్టేట్ నుంచి, దాని వెనక ఉండే సంచుల నుంచి వస్తుంది. ఆ అవయవాలు డీహెచ్‌టీ మీద ఆధారపడతాయి. అది తగ్గితే ద్రవం తగ్గుతుంది. మన వైపు వీర్యం పలచబడితే ఒంట్లో సత్తువ పోయినట్టేనని నమ్మే అలవాటుంది. ద్రవం తగ్గినంత మాత్రాన సత్తువ తగ్గదు, గట్టిదనానికీ దానికీ సంబంధం లేదు. వృషణాల్లో సన్నటి నొప్పి, రొమ్ము నొక్కితే నొప్పి లేదా చనుమొన వెనక గడ్డలాంటిది, అంగం మీద స్పర్శ మొద్దుబారడం, ఇవి కూడా ఈ మందు వాడినవాళ్లు చెప్పేవాటిలో ఉన్నాయి. వృషణం నొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వస్తే మాత్రం మాత్ర సంగతి పక్కనపెట్టి వెంటనే క్యాజువాలిటీకి పోవాలి. వృషణం మెలిపడి ఉంటే కొన్ని గంటల్లో ఆపరేషన్ చేయకపోతే అది దక్కదు.

మాత్రతో పాటు ఇంకేం వాడుతున్నారో కూడా చూసుకోవాలి. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలు, డిప్రెషన్‌కూ ఆందోళనకూ రాసే మాత్రలు చాలావరకు లైంగిక ఇబ్బంది తెస్తాయి. షుగర్ ఉన్నట్టు తెలియకుండానే ఉన్నవాళ్లు బోలెడు. ముప్పై ఐదు దాటినవాడు నా దగ్గర ఈ ప్రశ్న అడిగితే మొదట షుగర్, బీపీ చూపించుకోమంటాను. సిగరెట్టు, గుట్కా, మందు అలవాట్ల గురించి కూడా అడుగుతాను, అవి అందరూ దాచేవే అయినా.

టెస్టోస్టెరాన్ పరీక్ష గురించి ఒక మాట. ఈ మాత్ర వేసుకునేటప్పుడు టెస్టోస్టెరాన్ తగ్గదు. డీహెచ్‌టీగా మారేది ఆగిపోతుంది కాబట్టి సుమారు 15 శాతం పెరుగుతుంది కూడా. అందుకే రిపోర్టు "నార్మల్" అని వచ్చినంత మాత్రాన మందుకు సంబంధం లేదని తేలినట్టు కాదు. అలాగే జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టెరాన్ ఇంజక్షన్లు వేసుకోవడం అన్యాయమైన పని. బయటినుంచి హార్మోన్ వస్తే వృషణాలు తమ పని మానేస్తాయి, వీర్యకణాలు పడిపోతాయి.

కొనసాగిస్తూ చూడటం

ఇబ్బంది స్వల్పంగా ఉండి, పెళ్లి గానీ పిల్లల ప్రయత్నం గానీ ముందు లేకపోతే, డాక్టరుకు తెలిపి కొన్ని వారాలు చూడటంలో తప్పులేదు. తొలి పరీక్షల్లో మాత్ర ఆపకుండా కొనసాగించినవాళ్లలోనూ ఎక్కువమందికి ఇబ్బంది తగ్గింది. ఐదో ఏడాదికి ఒక్కో ఇబ్బందీ 0.3 శాతానికో, అంతకన్నా తక్కువకో దిగింది. కాకపోతే బాగా ఇబ్బంది పడ్డవాళ్లు మధ్యలోనే మానేసి ఉంటారు కదా, ఆ అంకెను అలా చదవాలి. వీర్యం పరిమాణం ఒక్కటే తగ్గి మిగతాదంతా బాగుంటే నేనైతే కంగారు పడను. గట్టిదనం తగ్గడం, మొద్దుబారడం, రొమ్ములో గడ్డ, వీటిని మాత్రం "చూద్దాంలే" అని వదిలేయకూడదు.

మాత్రను సగం చేయడం

ఇది అందరికీ తెలివైన పనిలా అనిపిస్తుంది. సగం మందు, సగం ఇబ్బంది అని లెక్క. ఈ మందు ఆ లెక్కకు లొంగదు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో వేర్వేరు మోతాదులు ఇచ్చి రక్తంలో డీహెచ్‌టీ ఎంత తగ్గుతుందో కొలిచారు. 5 మిల్లీగ్రాములకు 72.2 శాతం తగ్గింది. 1 మిల్లీగ్రాముకు 71.4. 0.2 మిల్లీగ్రాములకు 68.6. మాత్రలో ఐదో వంతు వేసుకున్నా ఒంట్లో జరిగే పని దాదాపు అంతే! 0.05 మిల్లీగ్రాములకు దిగితేగానీ 49.5 శాతానికి రాలేదు. మాత్రను చాకుతో ఇరవై ముక్కలు చేసేవాడు ఎవరూ ఉండరు. దినం మార్చి దినం వేసుకోవడానికీ ఇదే వర్తిస్తుంది. రక్తంలో మందు ఐదారు గంటల్లో సగమవుతుంది గానీ, ఎంజైమ్‌ను పట్టుకున్న పట్టు అంత తొందరగా వదలదు.

సగం చేసి హాయిగా ఉందన్నవాళ్లను చూశాను. వాళ్లకు తగ్గింది భయమై ఉండొచ్చు, లేదా కొనసాగిస్తే తగ్గిపోయే రకం ఇబ్బందే అయి ఉండొచ్చు. ఏదైనా మంచిదే. కానీ నిజంగా ఒంటి ఇబ్బంది ఉన్నవాడు సగం మాత్రతో ఆరు నెలలు గడిపేస్తే ఆ ఆరు నెలలూ పూర్తి మందు మీద ఉన్నట్టే.

ఇంకో చిక్కు ఉంది. ధర కలిసొస్తుందని కొందరు 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేస్తారు. పైపూత ఉన్న మాత్ర ముట్టుకుంటే ఏం కాదు. విరిచినప్పుడు రాలే పొడి గర్భిణి చేతికి అంటకూడదు. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే జననాంగాలు సరిగా తయారుకాకపోయే ప్రమాదం ఉంది. వంటింటి గట్టు మీద చాకుతో మాత్ర కోసి, ముక్కలు కాగితంలో చుట్టి ఫ్రిజ్ మీద పెట్టే ఇళ్లున్నాయి. ఆ ఇంట్లో ఎవరైనా నెల తప్పి ఉంటే ఆ పని వెంటనే మానాలి.

లోషన్‌కు మారడం

"మాత్ర కడుపులోకి పోతుంది, లోషన్ నెత్తి మీదే ఉంటుంది" అని షాపులో వినని రోజు లేదు. సగం నిజం. ఐరోపాలో పూతమందుగా అనుమతి పొందిన ఫినాస్టరైడ్ స్ప్రే మీద జరిగిన పరీక్షలో రక్తంలో డీహెచ్‌టీ 34.5 శాతం తగ్గింది, మాత్ర వేసుకున్నవాళ్లలో 55.6 శాతం. జుట్టు ఫలితం మాత్రకు దగ్గరగానే వచ్చింది. మాత్రకన్నా మేలే, సందేహం లేదు. కానీ ఒంట్లోకి అసలు పోదన్న మాట తప్పు.

అసలు తిరకాసు మోతాదులో ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ స్ప్రేతో రోజంతా కలిపి తలకు చేరేది అర మిల్లీగ్రాముకన్నా తక్కువ మందు. మన దగ్గర అమ్మే మినాక్సిడిల్ (జుట్టుకు రాసుకునే ఇంకో మందు), ఫినాస్టరైడ్ కలిపిన సీసాల్లో ఫినాస్టరైడ్ సాధారణంగా 0.1 శాతం. అంటే ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము. డ్రాపర్‌తో పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా రాస్తే రోజుకు రెండు మిల్లీగ్రాములు తలకు పట్టించినట్టు. రాసిందంతా రక్తంలోకి పోదు, కానీ ఎక్కువ రాసేకొద్దీ ఎక్కువ పోతుందని పరీక్షల్లో తేలింది. రాస్తూ రాస్తూ ఇంకాస్త ఒంపేవాళ్లు, చుండ్రుతో గోకి గోకి నెత్తి చర్మం చిట్లినవాళ్లు, వీళ్లకు లోషన్ అనేది పేరుకే లోషన్. 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ, అక్కడి ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్మే ఫినాస్టరైడ్ పూతమందుల మీద హెచ్చరిక ఇచ్చింది. అంగస్తంభన లోపం, వృషణాల నొప్పి, కోరిక తగ్గడం, డిప్రెషన్ లాంటి ఫిర్యాదులు పూతమందు వాడినవాళ్ల నుంచీ వచ్చాయి.

ఇంకా దారుణమైన సంగతి ఏమిటంటే, తాము వాడే లోషన్‌లో ఫినాస్టరైడ్ ఉందని కొందరికి తెలియనే తెలియదు. మినాక్సిడిల్ లోషన్లలో పేరు చివర "ఎఫ్" అని ఉన్న రకాలు చాలావరకు ఇలాంటివే. మాత్ర ఆపేశానని చెప్పి, నాలుగు నెలలుగా ఎఫ్ లోషన్ రాసుకుంటూ "ఇంకా తగ్గలేదన్నా" అన్న కుర్రాడికి సీసా వెనకవైపు సన్నక్షరాలు చూపించాల్సి వచ్చింది. ఏ సీసా అయినా వెనక్కి తిప్పి చదవండి. కళ్లకు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే దిండు గలేబు విషయంలోనూ జాగ్రత్త పడాలి, రాసింది పూర్తిగా ఆరకుండా పడుకోకూడదు.

నా అభిప్రాయం: అసలు ఇబ్బందే రాని మనిషి ముందుజాగ్రత్తగా మాత్ర బదులు లోషన్‌తో మొదలుపెట్టడం తెలివైన పని. మాత్రతో ఇప్పటికే గట్టిదనం పోగొట్టుకున్నవాడు అదే మందున్న లోషన్‌కు నేరుగా మారడం కాదు. ముందు అంతా ఆపి, మామూలు స్థితికి వచ్చాక, డాక్టరుతో మాట్లాడి అప్పుడు ఆలోచించాలి.

ఆపేయడం

గట్టిదనం, స్పర్శ, నొప్పి, రొమ్ము, వీటిలో ఏది ఉన్నా నా ఓటు దీనికే. మాత్ర ఆపిన సుమారు రెండు వారాల్లో డీహెచ్‌టీ పాత స్థాయికి వస్తుంది. ఒకేసారి ఆపేయొచ్చు, మెల్లమెల్లగా తగ్గించాల్సిన రకం మందు కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తేడా తెలుస్తుంది. వీర్యకణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఆ పరీక్షను మూడు నెలల తర్వాత చేయించుకుంటే అర్థముంటుంది.

మూల్యం జుట్టే. మందుతో నిలబడిన జుట్టు ఏడాదిలోపు పోతుంది. అంతకన్నా ఎక్కువ పోదు, మందు లేకపోతే ఈపాటికి ఎంత పోయేదో అంతే పోతుంది. అయినా దువ్వెనలో చూసినప్పుడు మనసు ఆగదు, మళ్లీ మాత్ర మొదలుపెట్టి "పరీక్షించుకుందాం" అనిపిస్తుంది. సొంతంగా ఆ పని చేయొద్దు.

మూడు నెలలు దాటినా తగ్గకపోతే యూరాలజిస్టుకు చూపించుకోవాలి. ఇలా మిగిలిపోయిన ఇబ్బందికి ఇదీ మందు అని తేలినది ఇప్పటికి లేదు. అందుకే ఖచ్చితంగా నయం చేస్తామని చెప్పేవాడి దగ్గర జేబు జాగ్రత్త. డాక్టర్లు షుగర్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, పొద్దుటిపూట టెస్టోస్టెరాన్ చూస్తారు. గట్టిదనం కోసం సిల్డెనాఫిల్ లాంటిది రాయొచ్చు, కొందరికి అది బాగా ఉపయోగపడుతుంది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

మనసు సంగతి విడిగా చెప్పాలి. 2022లో ఎఫ్‌డీఏ ఈ మాత్ర లేబుల్‌లో ఆత్మహత్య ఆలోచనల గురించి చేర్చింది. 2025 మే నెలలో ఐరోపా మందుల సంస్థ కమిటీ కూడా దాన్ని ఫినాస్టరైడ్ దుష్ప్రభావంగా నిర్ధారించింది. దిగులు, నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి కనిపిస్తే ఆ రోజే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రాత్రి వేళ మాట్లాడే మనిషి లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

మాత్ర ఆపితే ఇంక మిగిలేవేంటి

డుటాస్టరైడ్ అనే ఇంకో మాత్ర పేరు ఎవరైనా చెప్తారు. ఫినాస్టరైడ్‌తో ఇబ్బంది పడ్డవాడు దాని జోలికి పోవడం పెనం మీంచి పొయ్యిలో పడటమే. అది డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. ఒంట్లో సగం కావడానికే ఐదు వారాలు పడుతుంది, వద్దనుకున్నా నెలల తరబడి ఉంటుంది. రక్తదానం చేయాలంటే ఫినాస్టరైడ్ ఆపి నెల ఆగితే చాలు, దీనికి ఆరు నెలలు ఆగాలి. ఏడాది వాడినవాళ్లలో వీర్యం పరిమాణం 26 శాతం, కణాల సంఖ్య 23 శాతం తగ్గినట్టు దాని లేబుల్‌లోనే ఉంది. దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో దీన్ని జుట్టుకు అనుమతించాయి. అమెరికాలో ఇప్పటికీ ప్రోస్టేట్ మందే.

మినాక్సిడిల్ ఒక్కటే ఉన్న లోషన్ హార్మోన్ల జోలికి పోదు. బీపీ మాత్రగా పుట్టిన మందు ఇది, వేసుకున్నవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు వస్తుంటే జుట్టుకు పూతగా మార్చారు. అమెరికాలో 1988 నుంచి ఉంది. మగవాళ్లకు 5 శాతం, పూటకు ఒక మిల్లీలీటరు, రెండు పూటలా. మొదటి కొన్ని వారాలు జుట్టు ఇంకా రాలుతుంది, ఆ సమయంలోనే సగం మంది వదిలేస్తారు. నాలుగు నెలలన్నా వాడనిదే తీర్పు చెప్పకూడదు. దురద వస్తే అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్ పడకపోయి ఉండొచ్చు, నురగ రకంలో అది ఉండదు. కొత్తగా జుట్టు రావడం ఫినాస్టరైడ్ అంత బలంగా ఉండకపోవచ్చు, అయినా పడకగది ఇబ్బంది చూసినవాడికి నేను ముందు చెప్పేది ఇదే. తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర కూడా ఈ మధ్య స్కిన్ డాక్టర్లు రాస్తున్నారు. కాళ్ల వాపు, గుండె దడ రావచ్చు కాబట్టి బీపీ, గుండె చూడకుండా సొంతంగా వేసుకునేది కాదు.

జుట్టు నాటించుకోవడానికి మన వాళ్లు బెంగళూరో హైదరాబాదో బస్సెక్కుతారు. అనంతపురం వాళ్లకైతే బెంగళూరు మరీ దగ్గర. వెనక తలనుంచి తీసి నాటిన వెంట్రుకలు నిలుస్తాయి, ఫలితం పూర్తిగా కనబడటానికి ఏడాది పడుతుంది. చుట్టూ ఉన్న పాత జుట్టు మాత్రం రాలుతూనే ఉంటుంది. అందుకే ఆపరేషన్ తర్వాత మళ్లీ ఫినాస్టరైడ్ రాస్తారు. డబ్బు కట్టక ముందే "నేను ఆ మాత్ర వేసుకోలేను, ఇది మాత్రమే చేస్తే పదేళ్ల తర్వాత నా తల ఎలా ఉంటుంది?" అని అడగండి. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఈ ప్రశ్న మరీ ముఖ్యం.

బోరు నీళ్ల మీద నింద వేసేవాళ్లూ ఉన్నారు. మన జిల్లాల ఉప్పు నీళ్లకు జుట్టు గరుకవుతుంది, చిక్కుపడుతుంది. నుదుటి మూలలు వెనక్కి పోయే బట్టతల మాత్రం నీళ్ల వల్ల రాదు. ఇంటికి ఫిల్టరు పెట్టించి బట్టతల ఆగుతుందనుకోవద్దు.

ఇంకోటుంది, ఖర్చు లేనిది. పొట్టిగా కత్తిరించుకుని గడ్డం సరిచేసుకోవడం. తిరుమలలో తలనీలాలిచ్చి గుండుతో ఊరికొచ్చినప్పుడు బాగున్నానని అనిపించుకున్నవాళ్లు అలాగే కొనసాగిస్తే తప్పేముంది?

ఎవరికి ఏది

పెళ్లిచూపులు నడుస్తున్న కుర్రాడు మాత్రతో మొదలుపెట్టకపోతే మంచిది. పెళ్లైన కొత్తలో ఎవరికైనా ఉండే బెరుకుకు ఈ మాత్ర తోడైతే, ఏది దేనివల్లో తేలదు, నింద భార్యాభర్తలిద్దరి మధ్యా పడుతుంది. ఫినాస్టరైడ్ లేని మినాక్సిడిల్‌తో మొదలుపెట్టాలి. మాత్ర కావాలంటే పెళ్లయ్యాక, ఒకరికొకరు అలవాటయ్యాక చూసుకోవచ్చు.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లలో ఎక్కువమందికి 1 మిల్లీగ్రాము మాత్ర వీర్యకణాల మీద పెద్దగా ప్రభావం చూపదు. కానీ ముందే కణాలు తక్కువున్నవాళ్లకు చూపగలదు. కెనడాలో సంతానలేమి చికిత్సకు వచ్చి ఈ మాత్ర ఆపినవాళ్లలో కణాల సంఖ్య సగటున 11 రెట్లు పైగా పెరిగినట్టు 2013లో రాశారు. ఏడాదిగా పిల్లలు కలగక భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పుతున్నవాడు తాను వేసుకునే జుట్టు మాత్ర సంగతి డాక్టరుకు చెప్పనే చెప్పడు. చెప్పాలి. ఆ మాత్ర ఆపి మూడు నెలలాగి వీర్య పరీక్ష చేయిస్తే భార్యకు చాలా పరీక్షలు తప్పొచ్చు.

నలభై దాటినవాళ్లు షుగర్, బీపీ చూపించుకోనిదే మాత్ర మీద నింద వేయొద్దు. ప్రోస్టేట్ కోసం పీఎస్ఏ రక్తపరీక్ష చేయించుకుంటే ఫినాస్టరైడ్ వాడుతున్నట్టు చెప్పాలి. ఈ మందు ఆ అంకెను సుమారు సగానికి తగ్గించి చూపిస్తుంది, అసలు జబ్బు కనబడకుండా పోతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లు, గతంలో ఉన్నవాళ్లు మాత్ర మొదలుపెట్టకపోవడమే మేలు.

ఎవరికి చూపించుకోవాలి

కర్నూలు పెద్దాసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం సర్వజన ఆసుపత్రి మూడింటికీ మెడికల్ కాలేజీలున్నాయి, చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. తెలిసినవాళ్లు కనబడతారని మొహమాటపడితే చీటీ మీద "జుట్టు రాలడం" అని రాయించుకుని లోపలికి వెళ్లాక అసలు విషయం చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాసుకుని ఇవ్వండి: ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ నెలలో మొదలుపెట్టింది, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, తెల్లవారి గట్టిదనం ఉందా లేదా, ఇంకేం మందులు వాడుతున్నారు. డాక్టరు అడిగే సగం ప్రశ్నలు ఇవే. స్ట్రిప్పు, లోషన్ సీసా రెండూ వెంట తీసుకెళ్లండి.

బస్టాండు గోడల మీద, లాడ్జి మెట్ల దగ్గర "గుప్త వ్యాధులు" బోర్డులకు పోవద్దు. వాళ్లిచ్చే పొట్లాల్లో ఏముంటుందో రాసి ఉండదు. మూలికల మందని అమ్మినవాటిలో సిల్డెనాఫిల్ కలిపి దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. గుండె మాత్రలు వేసుకునే పెద్దాయన అలాంటి పొట్లం వేసుకుంటే ఏమవుతుందో పైన చెప్పాను.

మందు వల్ల ఇబ్బంది వచ్చిందని ఎవరైనా ప్రభుత్వానికి నేరుగా తెలపొచ్చు. ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024. స్ట్రిప్పు వెనక ఉండే బ్యాచ్ నంబరు అడుగుతారు, కాబట్టి ఖాళీ అయిందని స్ట్రిప్పు పారేయకండి.